గుర్రానికి తకిట నేర్పడం

పుట్టిన గంటా గంటన్నరలో గుర్రప్పిల్ల తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. ఒకటి రెండు రోజుల్లో తల్లి పక్కనే పరుగు తీస్తుంది. దానికెవరూ నేర్పరు. అదే పిల్ల పెరిగి నాలుగేళ్లదయ్యాక, ముక్కుపట్టీకి ఎనిమిది మీటర్ల తాడు తగిలించి, మధ్యలో మనిషి నిలబడి, ‘నా చుట్టూ గుండ్రంగా తిరుగు, చెప్పినప్పుడు పరుగందుకో, చెప్పినప్పుడు తగ్గించు’ అంటే మాత్రం తెల్లమొహం వేస్తుంది. దుల్కీ అనే చిన్న పరుగులోనే ఇంకా ఇంకా వేగం పెంచుతుంది. లోపలికి ఒరిగి మనిషి మీదికి వస్తుంది, లేదంటే తాడు లాక్కుని బయటికి పోతుంది. పుట్టుకతో వచ్చిన విద్యే దానికి కొత్తగా నేర్పాల్సి వస్తుంది. నేర్పడం తెలిసినవాళ్లు ఈ ఒక్క పాఠానికి వారాలూ నెలలూ ఇస్తారు. తెలియనివాళ్లు కొరడా ఇస్తారు.

ఈ తాడు పనిని ఇంగ్లీషువాళ్లు లాంజింగ్ అంటారు. ఉర్దూ, హిందీలలో దీనికి ఉన్న పాతమాట కావా. తాడు మీద నేర్పే పరుగును ఇంగ్లీషువాళ్లు కేంటర్ అంటారు, అది నెమ్మది దుల్కీకీ గాలిని చీల్చే దౌడుకీ నడుమ ఉంటుంది. బయటినుంచి చూస్తే ఇందులో విశేషమేమీ కనపడదు. ఒక మనిషి, ఒక తాడు, చుట్టూ తిరిగే ఒక గుర్రం. కాసేపు దగ్గర నిలబడి చూస్తే, మరీ ముఖ్యంగా కళ్లు మూసుకుని వింటే, సంగతి వేరని తెలుస్తుంది.

చప్పుడులో ఉన్న లెక్క

మృదంగం చప్పుడు చెవికి అలవాటైనవాళ్లకి ఇది చెప్పడం తేలిక. గుర్రం నడక చతురశ్రం. నాలుగు గిట్టలూ ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకుతాయి: తకధిమి. దుల్కీలో మూలకు మూల ఉన్న కాళ్లు జంటగా పడతాయి: తక, తక. కేంటర్ తిశ్రం. మూడు చప్పుళ్లు, వెంటనే నాలుగు కాళ్లూ గాల్లో ఉండే ఒక్క లిప్త నిశ్శబ్దం. తకిట, ఆపైన చిన్న కార్వై, మళ్లీ తకిట. వేగం ఇంకా పెరిగి దౌడైతే మధ్యలో కలిసి పడిన జంట విడిపోయి మళ్లీ నాలుగు చప్పుళ్లవుతాయి. గుర్రపు నడకల్ని విడదీసి పేరుపెట్టి చెప్పడం మనకు కొత్తేమీ కాదు. అమరకోశం అయిదు ధారల్ని వరస పెట్టి చెప్పింది.

ఎడమవైపు తిరుగుతున్న గుర్రాన్ని తీసుకోండి. మొదటి చప్పుడు కుడి వెనక కాలిది. రెండోది ఎడమ వెనక కాలూ కుడి ముందు కాలూ కలిసి వేసేది. మూడోది ఎడమ ముందు కాలిది. అన్నిటికంటే ముందుకు చాచి పడేది ఈ కాలే కాబట్టి దాన్ని లీడ్ అంటారు. చూసేవాళ్ల కళ్లన్నీ సహజంగా దానిమీదే ఉంటాయి. కానీ పరుగు పుట్టేది వెనకాల, వలయానికి బయటివైపున్న కాలిలో. నాలుగైదు వందల కిలోల శరీరాన్ని ఆ ఒక్క కాలు క్షణకాలం ఒంటరిగా మోసి, ఎత్తి, ముందుకు తోయాలి. లేత గుర్రానికి ఆ కాలిలో ఇంకా అంత బలం ఉండదు. ఒక్కోసారి ముందు కాళ్లు ఎడమ లీడ్‌లో, వెనక కాళ్లు కుడి లీడ్‌లో పడి, నడుం మెలితిరిగిపోయినట్టు పరిగెడుతుంది. చూస్తుంటేనే మనకు ఇబ్బందిగా ఉంటుంది. మోసే గుర్రానికి ఇంకెంత ఉండాలి!

ఊపిరి సంగతి కూడా చెప్పాలి. నడకలోనూ దుల్కీలోనూ గుర్రం తన ఇష్టం వచ్చినట్టు ఊపిరి తీసుకోగలదు. కేంటర్ అందుకున్నాక ఆ స్వేచ్ఛ పోతుంది. అంగకు ఒక శ్వాస. గాల్లో ఉన్నప్పుడు లోపలికి, ముందు కాళ్లు నేలకు ఆనినప్పుడు బయటికి. నిమిషానికి సుమారు 100 అంగలంటే సుమారు 100 శ్వాసలు. అందులోనూ గుర్రం మనలా నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కొక్కటే దారి. భయంతో బిగుసుకున్న గుర్రానికి ఊపిరి లయ తప్పుతుంది, దాంతోపాటు కాళ్లూ తప్పుతాయి. కొత్త గుర్రం కేంటర్‌లో కుదురుకోగానే ప్రతి అంగకూ ముక్కుతో బుస్సుమంటుంది. అది వినపడితే నేర్పేవాడి భుజాలు కిందికి దిగుతాయి.

వలయం ఎంత కష్టమైనది

పొలంలో తిన్నగా పరిగెత్తడానికీ వలయంలో తిరగడానికీ ఉన్న తేడా లెక్కేస్తే తెలుస్తుంది. దుల్కీలో గుర్రం సెకనుకు మూడున్నర మీటర్లు పోతుందనుకుందాం. 20 మీటర్ల అడ్డుకొలత ఉన్న వలయంలో పడిపోకుండా తిరగాలంటే శరీరం లోపలికి ఏడు డిగ్రీలు వాలితే చాలు. అదే వలయంలో సెకనుకు అయిదు మీటర్ల కేంటర్ చేస్తే వాలు 14 డిగ్రీలు. వలయాన్ని సగానికి కుదించి 10 మీటర్లు చేస్తే 27 డిగ్రీలు. సైకిల్ అయితే వాలిపోతుంది, దానికి నొప్పి లేదు. గుర్రం వాలినప్పుడు ఆ భారమంతా లోపలివైపు కాళ్ల కీళ్ల మీద పడుతుంది, అదీ ఏటవాలుగా. కదలకుండా నిలబడ్డప్పుడే గుర్రం బరువులో సగానికి పైగా ముందు కాళ్ల మీద ఉంటుంది. తిప్పడం తెలియనివాడు తాడు లోపలికి గుంజితే తల లోపలికి, నడుం బయటికి పోయి, బరువంతా లోపలి ముందు కాలి మీదకు చేరుతుంది.

చిన్న వలయం ఒకే ఒక్కచోట మనిషికి పనికొచ్చింది. 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అనే మాజీ అశ్వికదళ సైనికుడు గుర్రపుస్వారీ విన్యాసాలు మొదలుపెట్టాడు. పరిగెత్తే గుర్రం వీపు మీద నిలబడాలంటే వలయం బిగువుగా ఉండాలని, ఆ వాలే మనిషిని గుర్రానికి అదిమిపెడుతుందని అతనికి అనుభవం మీద తెలిసింది. చివరికి కుదిరిన కొలత 42 అడుగులు, అంటే సుమారు 13 మీటర్లు. ఇవాళ్టికీ సర్కస్ రింగు కొలత అదే. కానీ ఆ గుర్రాలు పని తెలిసిన పెద్ద గుర్రాలు. లేత గుర్రానికి వలయం ఎంత పెద్దదైతే అంత మంచిది. ఎనిమిది మీటర్ల తాడుకు తోడు నేర్పేవాడు తాను కూడా చిన్న వలయంలో నడుస్తూ ఉంటే 20 మీటర్లు దొరుకుతుంది. కదలకుండా ఒకేచోట పాతేసినట్టు నిలబడి తిప్పడం చూడటానికి దర్జాగా ఉంటుంది కానీ, నాలుగేళ్ల గుర్రానికి అది సాయం కాదు.

ఇక ఎముకలు. గుర్రం కాళ్ల ఎముకల చివర్లలో ఎదుగుదల పొరలుంటాయి. అవి కిందినుంచి పైకి మూసుకుంటూ వస్తాయి. గిట్ట దగ్గరివి ఏడాదిలోపే గట్టిపడితే, మోకాలి పైనున్నవి గట్టిపడటానికి రెండు, రెండున్నరేళ్లు పడుతుంది. అన్నిటికన్నా చివర ముదిరేది వెన్ను, దానికి దాదాపు అయిదేళ్లు దాటాలి. రెండేళ్ల గుర్రం ఎత్తులో, ఒడ్డులో పెద్ద గుర్రంలా కనపడుతుంది. ఆ ఒడ్డూ పొడుగూ చూసే మనిషి మోసపోతాడు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్ నాలుగున్నర శతాబ్దాలుగా ఈ విషయంలో తొందరపడలేదు. స్టిరియా కొండల్లోని పీబర్‌లో పుట్టిన లిపిజానర్ మగపిల్లలు వేసవుల్లో కొండ పచ్చికల మీద తిరిగి పెరుగుతాయి. సుమారు నాలుగేళ్ల వయసులో బడికి వస్తాయి. వచ్చాక మొదటి పాఠం తాడు మీదే. పూర్తిగా తయారు కావడానికి ఆరేళ్ల దాకా పడుతుంది. ఇంత ఆలస్యంగా మొదలుపెట్టిన గుర్రాలే ఇరవయ్యేళ్లు దాటాక కూడా ప్రదర్శనల్లో ఆడతాయి. అక్కడ కొత్తగా చేరిన రౌతుకూ తాడు తప్పదు. పగ్గాలు, రికాబులు లేకుండా నెలల తరబడి గుండ్రంగా తిరగాల్సిందే.

మొయినాబాద్‌లో ఒక పొద్దున

హైదరాబాద్‌కు పడమట మొయినాబాద్ వైపు, వర్షాకాలపు పొద్దున. ఇసుక పరిచిన మైదానం, రాత్రి వానకు గట్టిపడి అడుగు పడితే మెత్తగా నొక్కుకుంటోంది. గుర్రం ఎర్రది, ఆడది, నాలుగో ఏట ఉంది. పందేల కోసం పుట్టించిన జాతి, పందేల దాకా వెళ్లలేదు. ముక్కు మీద మెత్తటి పట్టీ, దాని మధ్యలో కడియం, కడియానికి తాడు. నడుముకు వెడల్పు పట్టీ. నాలుగు కాళ్లకూ గిట్ట తగలకుండా పట్టీలు. నేర్పేది అరవై దాటిన పెద్దాయన. కుర్రప్పుడే మలక్‌పేట తబేలాల్లో పనికి చేరిన మనిషి. అందరికీ ఉస్తాద్. చేతులకు తోలు గ్లవుజులు. తాడును చేతికి చుట్టుకోకుండా మడతలు మడతలుగా పట్టుకున్నాడు. చుట్టుకుంటే ఏమవుతుందో అడగక్కర్లేదు, ఆయన ఎడమచేతి ఉంగరపు వేలు సగమే ఉంది.

ఉస్తాద్ నిలబడ్డ తీరు గమనించాను. గుర్రం తలకు ఎదురుగా కాదు, దాని జీను పడే చోటుకు కాస్త వెనక. ఒక చేతి తాడు గుర్రం ముక్కువైపు, రెండో చేతి కొరడా దాని వెనక మడమలవైపు. పైనుంచి చూస్తే త్రిభుజం, గుర్రం అందులో ఒక భుజం. ఆయన అరడుగు ముందుకు జరిగితే గుర్రం మందగించింది. అరడుగు వెనక్కి జరిగితే చురుకైంది. గుర్రానికి కళ్లు తలకు అటూ ఇటూ ఉండటం వల్ల దాదాపు తన చుట్టూ అంతా చూస్తుంది. మనం గమనించని మన భుజం కదలిక కూడా దానికి ఆజ్ఞే.

మొదట నడక, తర్వాత దుల్కీ, రెండు దిక్కులా. కేంటర్ మాట ఎత్తలేదు. దుల్కీనుంచి నడకకు, నడకనుంచి దుల్కీకి మార్పించడమే చాలాసేపు సాగింది. గొంతు పైకెత్తి ‘టె-రాట్’ అంటే అందుకోవాలి, కిందికి దించి ‘హో...’ అంటే తగ్గాలి. తర్వాత వలయాన్ని కాస్త కాస్త లోపలికి తెచ్చి, మళ్లీ బయటికి వదిలాడు. బయటికి జరుగుతున్నప్పుడు గుర్రం బయటి వెనక కాలి మీద బరువు పడుతుంది. కేంటర్ మొదలుపెట్టాల్సింది ఆ కాలితోనే కాబట్టి, అడగడానికి అదే అదను. ఆ అదనులో ఉస్తాద్ కొరడాను నేలనుంచి నడుమెత్తుకు లేపి, మూడక్షరాలూ సాగదీసి పలికాడు: ‘కే-న్-టర్’.

గుర్రం తల పైకెత్తింది. తోక ఝాడించింది. దుల్కీ రెట్టింపు వేగమైంది. కాళ్లు చిందరవందరగా పడుతున్నాయి, కేంటర్ మాత్రం లేదు. నేనైతే ఇక్కడ ఇంకో రెండుసార్లు అరిచేవాణ్ని. పక్కన నిలబడ్డ కుర్రాడు చప్పట్లు కొట్టబోయాడు.

‘‘అరే, ఊకో,’’ అన్నాడు ఉస్తాద్. కొరడా దించి, ‘హో...’ అంటూ దుల్కీని పాత లయకు తెచ్చుకున్నాడు. నావైపు తిరక్కుండానే అన్నాడు: ‘‘ఉరికించుడు ఎంతసేపు సార్? కొరడా ఝుళిపిస్తే గాడిద గూడ ఉర్కుతది. దానికి సమజ్ గావాలె గద.’’

రెండోసారీ అంతే. మూడోసారి మైదానంలో అదే చోట, కంచె మూల దగ్గర, అదే మాట. ఈసారి గుర్రం వీపు నడిమిలో గుండ్రమైంది. వెనక భాగం కిందికి కుంగింది. ఒక క్షణం ఏ చప్పుడూ లేదు. ఆపైన తకిట, తకిట, తకిట, తకిట. నాలుగో ఐదో అంగలు. లోపలివైపు చెవి ఉస్తాద్ మీదికి తిప్పే ఉంది. కొరడా ఎప్పుడో నేలకు దిగిపోయింది. అది పట్టు తప్పి దుల్కీలోకి జారకముందే ఆయనే గొంతు దించి ‘హో...’ అన్నాడు, నడకలోకి తెచ్చాడు, తాడు మడతలు వేసుకుంటూ దగ్గరకు వెళ్లి మెడ మీద నిమిరాడు.

‘‘ఇప్పుడే కదా అందుకుంది, ఆపేశారేం?’’ అన్నాను.

‘‘అందుకున్నది గద. అందుకే ఆపిన.’’

గుర్రం నాలుక చప్పరించి, మెడ కిందికి చాచి, గట్టిగా ముక్కు చీదింది. దిక్కు మార్చి మళ్లీ నడక, దుల్కీ. ఆ వైపు కేంటర్ అడగనే లేదు. ‘‘దానికి కుడిదిక్కు కష్టం. రేపో ఎల్లుండో,’’ అన్నాడాయన. మొదటినుంచి చివరిదాకా పాఠం ఇరవై నిమిషాలు దాటలేదు. అందులో కేంటర్ వంతు కొన్ని సెకన్లు.

ఆయన చేసిన దాంట్లో రహస్యమేమీ లేదు. గుర్రం ఒక పని చేసిన క్షణంలో ఒత్తిడి పోతే, ఆ పనే సరైందని దానికి తెలుస్తుంది. రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే ఆ లంకె తెగిపోతుంది. దుల్కీలో తడబడుతూ పరిగెడుతున్నప్పుడు కొరడా ఝుళిపిస్తూనే ఉంటే, చివరికి విసిగి గుర్రం కేంటర్‌లో పడుతుంది. కానీ అది నేర్చుకునేది కేంటర్ కాదు. ఆ మాట వినపడితే పారిపోవాలని నేర్చుకుంటుంది. అలా నేర్చుకున్న గుర్రం మీద రేపు మనిషి ఎక్కుతాడు.

తప్పులు ఎక్కడెక్కడ

మన శివార్లలోని స్వారీ మైదానాల్లో తాడు పని ఎక్కువగా జరిగేది నేర్పడానికి కాదు, ఒళ్లు కొవ్వెక్కిన గుర్రాన్ని అలిసిపోయేలా చేయడానికి. ‘కాసేపు తిప్పు, చల్లబడుతుంది’ అంటారు. చల్లబడుతుంది నిజమే, రేపటికి దమ్ము పెరుగుతుంది, ఎల్లుండి ఇంకాస్త ఎక్కువసేపు తిప్పాలి. కాళ్లు మాత్రం అరిగేవి అరుగుతూనే ఉంటాయి. దానికి తోడు నేల. ఎండాకాలం మొరం నేల ఇనుములా ఉంటుంది. దానిమీద గుండ్రంగా కేంటర్ చేయించడం కన్నా ఆ పూట గుర్రాన్ని చేత్తో నడిపించుకు రావడం నయం.

మొదటి కేంటర్‌లో గుర్రం ఎగిరి తన్నడం మామూలే. ఉత్సాహం కావచ్చు, బిగించిన పట్టీ కావచ్చు. అదే పనిగా తన్నుతుంటే మాత్రం వీపు తడిమి చూడాలి. ఒకవైపు ఎప్పుడూ తప్పు లీడే పడుతుంటే దాన్ని మొండితనమని కొట్టేసే ముందు నాల్‌బంద్‌ను పిలిచి గిట్టలు చూపించాలి, పశువైద్యుడికి వెనక కాలి కీళ్లు చూపించాలి. మనలో కుడిచేతివాటం, ఎడమచేతివాటం ఉన్నట్టే గుర్రానికీ ఒక పక్క తేలిక, ఇంకో పక్క బరువు. ఆ తేడా నొప్పివల్లో అలవాటువల్లో తేల్చుకోకుండా కొరడా ఎత్తకూడదు.

పక్క వార్ల గురించి ఒక మాట. కళ్లెంనుంచి నడుం పట్టీకి రెండు పక్కలా కట్టే ఆ వార్లు తలను ఒకచోట నిలుపుతాయి. పొట్టిగా బిగిస్తే గుర్రం మెడ వంచి అందంగా కనపడుతుంది, కొనడానికి వచ్చినవాడికి నచ్చుతుంది. కానీ లేత గుర్రం కేంటర్‌లో తూకం నిలుపుకునేది మెడతోనే, తల ప్రతి అంగకూ కిందికీ పైకీ ఊగాలి. అందుకే మొదటి కేంటర్‌కు వార్లు విప్పేయడమో, బాగా వదులు చేయడమో మంచిది. గ్రీకు సైనికుడు జెనొఫన్ క్రీ.పూ. నాలుగో శతాబ్దంలోనే గుర్రపు శిక్షణ మీద పుస్తకం రాశాడు. బలవంతం మీద చేయించిన పనిలో అందం ఉండదనీ, గుర్రాన్ని రెండు వైపులకూ తిరిగేలా అలవాటు చేయాలనీ ఆయన అప్పుడే చెప్పాడు. ఆయన కాలానికి రికాబులు కూడా లేవు.

పందెం మైదానం, బడి మైదానం

హైదరాబాద్‌కు గుర్రాలు కొత్త కాదు. పందేలు మౌలాలినుంచి మలక్‌పేటకు మారింది 1886లో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో. గోషామహల్‌లో పోలీసు గుర్రాలున్నాయి. జాతీయ పోలీసు అకాడమీలో కాబోయే ఐపీఎస్ అధికారులకు స్వారీ పాఠం ఉంది. ఇంకా వెనక్కి పోతే, దక్కనులో మంచి గుర్రాలు పుట్టక అరేబియా, పర్షియాలనుంచి ఓడల్లో తెప్పించుకున్న రాజుల కథ. గుర్రాలు తెచ్చే విదేశీ వర్తకుల్ని మర్యాద చేసి, లాభం చూపించి తమవైపు ఉంచుకోవాలని, అవి శత్రువుకు చేరకూడదని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోనే చెప్పాడు. ఆయన తెల్లవారకముందే సాము చేసి, గుర్రమెక్కి మైదానమంతా దౌడు తీసేవాడని డొమింగో పయెస్ రాసిపెట్టాడు. ఇంత చరిత్ర ఉన్నా గుర్రాన్ని నిదానంగా తయారుచేసే బడి మన దగ్గర నిలవలేదు. గుర్రం యుద్ధానికి కావాలి, లేకపోతే పందేనికి. రెండిటికీ తొందరే.

పందెం గుర్రం సంగతే చూడండి. మన దేశంలో పందెపు గుర్రాలన్నిటికీ పుట్టినరోజు జనవరి 1. ఏడాదిన్నర దాటగానే జీను పడుతుంది, రెండేళ్లకే కొన్ని పందెంలో దిగుతాయి. వాటికి తెలిసింది ముందుకు పోవడం. కళ్లెం బిగిస్తే ఆగాలని కాదు, దానికి ఆనుకుని ఇంకా వేగంగా పోవాలని నేర్చుకుంటాయి. మూడు నాలుగేళ్ల తర్వాత కాలు చెడో వేగం తగ్గో మైదానం వదిలిన వాటిలో కొన్ని స్వారీ బడులకు చేరతాయి. అక్కడ వాటికి కేంటర్ నేర్పడమంటే లేత గుర్రానికి నేర్పడంకన్నా కష్టం, నేర్చుకున్నది ముందు మరవాలి కాబట్టి. నా అభిప్రాయంలో, పందెంనుంచి వచ్చిన గుర్రాన్ని కొన్ని నెలలు పచ్చికలో ఊరికే వదిలేసి, తర్వాత తాడు మీద నడకనుంచి మొదలుపెట్టని బడికి గుర్రాలు పెట్టుకునే అర్హత లేదు. ఖర్చవుతుందంటారు. అవుతుంది. కుంటిదైపోయిన గుర్రాన్ని మేపడానికీ ఖర్చవుతుంది.

పందెంలో పనికిరాని గుర్రం ఇంకోచోట పనికిరాదని కాదు. వియన్నా బడికి 1939నుంచి పాతికేళ్లు అధిపతిగా ఉన్న ఆలోయిస్ పొధాయ్‌స్కీ, అంతకుముందు 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో డ్రెసాజ్‌లో కాంస్యం గెలిచింది నీరో అనే గుర్రం మీద. అది పందేల్లో నెగ్గలేకపోయిన థరోబ్రెడ్. డ్రెసాజ్ అంటే గుర్రం నడకలే పరీక్షగా పెట్టే పోటీ. ఉన్నచోటే తిరిగే కేంటర్, అంగకో లీడ్ మార్చే కేంటర్ అందులో ఉంటాయి. వాటన్నిటికీ మొదటి మెట్టు తాడు మీద వేసిన ఆ నాలుగైదు అంగలే.

2023 సెప్టెంబరు 26న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇదే డ్రెసాజ్‌లో మన జట్టు బంగారం గెలిచింది. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా. గుర్రపుస్వారీలో భారత్‌కు బంగారం 41 ఏళ్ల తర్వాత, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల తర్వాత, వచ్చింది. అందరం పండగ చేసుకున్నాం. ఆ నలుగురూ యూరప్‌లో ఉండి, అక్కడి గుర్రాల మీద తయారైనవాళ్లన్న సంగతి మాత్రం పక్కకు పోయింది. మన దగ్గర గుర్రాలు లేకనో మైదానాలు లేకనో కాదు వాళ్లు వెళ్లింది. ఒక గుర్రాన్ని ఆరేడేళ్లు ఓపిగ్గా తయారుచేసే మనుషులు, ఆ కాలమంతా డబ్బు పెట్టే యజమానులు ఇక్కడ చాలా తక్కువ. మొయినాబాద్ ఉస్తాద్ లాంటివాళ్లు ఉన్నారు. వాళ్ల నెల జీతం మాత్రం వాళ్ల పనితనాన్ని చూసి ఇచ్చేది కాదు, సాయీసు లెక్కలో ఇచ్చేది.

ఆదివారం పూట పిల్లల్ని స్వారీకి తీసుకెళ్లే తల్లిదండ్రులు ఇప్పుడు నగర శివార్లలో చాలామంది కనపడుతున్నారు. మంచిదే. ఈసారి వెళ్లినప్పుడు హెల్మెట్ చూసినట్టే గుర్రాన్నీ చూడండి. దాని వయసెంతో అడగండి. నాలుగేళ్లు నిండకపోతే మరో గుర్రం ఇమ్మనండి. మీ పిల్లనో పిల్లాడినో ఎక్కించేముందు ఆ గుర్రాన్ని ఒట్టి వీపుతో తాడు మీద రెండు వైపులా కేంటర్ చేయించి చూపించమనండి. మాటతో అందుకుని మాటతో తగ్గితే ఎక్కించండి. కొరడా ఝుళిపిస్తే తప్ప కదలకపోయినా, కదిలాక ఆగకపోయినా, చూపించడానికి వాళ్లే వెనకాడినా, ఆ పూటకు పిల్లల్ని నడకతోనే దించేయండి.